బ్యాటరీ బండిలో మామయ్య పక్కన

గోల్ఫ్ గురించి నాకు మొదట తెలిసింది రెండు ముక్కలే. చిన్న బంతిని పొడుగాటి కర్రతో కొడతారు, కొట్టాక దాని వెనకాల నడుస్తారు. ఆడేవాళ్లకు ఇష్టం ఉండాలన్న నియమం ఏమీ లేదని, ఇష్టం లేనివాళ్లను కూడా కారెక్కించి, రాష్ట్రాలు దాటించి, కొండెక్కించి మరీ ఆడిస్తారని మా ఆడబిడ్డ భర్త వల్ల తెలిసింది.

ఆయన జగిత్యాలలో డాక్టరు. నేను అన్నా అని పిలుస్తాను. మనిషి మంచివాడు. ఎదుటివాళ్ల మేలు వాళ్లకంటే తనకే ఎక్కువ తెలుసనుకోవడం ఒక్కటే ఆయనతో వచ్చిన చిక్కు. చదువుకునే రోజుల్లో ఎక్కడో గోల్ఫ్ పిచ్చి అంటుకుంది. జగిత్యాల చుట్టుపక్కల ఆడే చోటు లేదు కాబట్టి సెలవు దొరికితే చాలు, కర్రల సంచి డిక్కీలో వేసుకుని దేశం మీద పడతాడు. ఆ ఏడాది మామయ్యకు గుండెకు స్టెంట్ వేశారు. మంచి గాలి కావాలి, నడక కావాలి అంటూ అన్న ఒక కార్యక్రమం తయారు చేశాడు. తమిళనాడు వైపు కొండల మీద ఒక ఊరుంది, అక్కడ సభ్యత్వం లేకపోయినా టికెట్టు కొనుక్కుని ఎవరైనా ఆడుకునే గోల్ఫ్ మైదానం ఉంది, అందరం కారులో పోదాం అన్నాడు.

"మామా, మీరు గూడ ఆడాలె. నడక నడకైతది, ఆట ఆటైతది" అన్నాడు.

మామయ్యకు బొత్తిగా ఇష్టం లేదని కోరుట్లలో మా ఇంటి గోడలకు కూడా తెలుసు. కానీ ఆ ఇంట్లో అల్లుడి మాటకు ఎదురుండదు. "మీరెట్లంటె గట్లనే అల్లుడుగారూ" అన్నారు. మామయ్య వాళ్లది ఒకప్పుడు ఊరి మీద పెత్తనం చేసిన కుటుంబం. పెత్తనం పోయి పసుపు వ్యాపారం మిగిలింది, పంచెకట్టు మాత్రం అలాగే ఉంది. గోల్ఫ్ మైదానంలోకి పంచెతో రానివ్వరని అల్లుడు చెబితే, అలాంటి మనిషి టైలరును ఇంటికి పిలిపించి ప్యాంటు కుట్టించుకున్నారు. కొలతలు ఇస్తున్నంతసేపు కిటికీలోంచి బయటికే చూశారు.

ఆ ఇంటి గురించి ఇంకో సంగతి చెప్పాలి. అక్కడ కోడలు మామతో ఎదురుపడి మాట్లాడదు. ఆయన కూర్చుంటే నిలబడాలి, ఆయన నిలబడితే కూర్చోకూడదు. మాట ఏదైనా అత్తమ్మ మీదుగా పోయి, అత్తమ్మ మీదుగా తిరిగి రావాలి. అలాగని దూరం దూరంగా ఏమీ ఉండం. మామయ్య వరండాలో కుర్చీలో, అత్తమ్మ గడప మీద, నేను తలుపు వెనక.

"ఏమే, పప్పుల ఉప్పెక్కువైందని చెప్పు" అంటారు మామయ్య.

"ఉప్పెక్కువైందట బిడ్డా."

"రేపటి నుంచి తక్కువేస్త అత్తమ్మా."

"తక్కువేస్తదట."

చెయ్యి చాపితే అందేంత దూరంలో ఈ తతంగం. పెళ్లయిన కొత్తలో నవ్వొచ్చేది. తర్వాత విసుగొచ్చింది. ఆ తర్వాత అలవాటైంది, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. చదువుకున్న దాన్ని, జగిత్యాలలో మా నాన్నతో అరిచి వాదించిన దాన్ని, పప్పులో ఉప్పు గురించి కూడా నేరుగా ఒక మాట చెప్పలేని మనిషినయ్యాను.

అలాంటి సమయంలో నాకు ఉద్యోగం వచ్చింది. సిరిసిల్లలో జూనియర్ కాలేజీ, వృక్షశాస్త్రం లెక్చరర్. పిల్లాడిని చంకనేసుకుని కాదు, పిల్లలే లేని ఇంట్లో తలుపులు మూసుకుని చదివి తెచ్చుకున్న ఉద్యోగం. చేరడానికి ఆఖరి రోజు సోమవారం. ఆ రోజు దాటితే ఇంకొకరికి పోతుంది. కోరుట్ల నుంచి సిరిసిల్లకు రోజూ బస్సులో పోయి రావచ్చు. మామయ్య అవునంటే చాలు.

ఉద్యోగం వచ్చిన రోజే అత్తమ్మకు చెప్పాను. "అడుగుత బిడ్డా" అంది. రెండు రోజులాగి నేనే అడిగితే, "అడిగిన. ఏమనలే" అంది. మళ్లీ అడిగితే, "మూడ్ మంచిగున్నప్పుడు అడగాలె" అంది. మా ఆయన్ని అడిగితే, "బాపు ఏమంటడో చూద్దాం" అన్నాడు. ఆయన ఏ విషయానికైనా అదే అంటాడు. బాపు ఏమంటాడో చూడ్డానికే పుట్టిన మనిషి. మా అమ్మ జగిత్యాల నుంచి రోజూ ఫోను చేసి, "మీ మామ ఏమన్నడే?" అనేది. ఏమీ అనలేదనడం కంటే వద్దన్నారని చెప్పుకోవడమే సులువని అప్పుడు తెలిసింది.

ఎవరినీ అడక్కుండా చేరిపోవచ్చు కదా అని నా స్నేహితురాలు తిట్టింది. గడప దాటడం నాకు చేతకాక కాదు. దాటిన తర్వాత సాయంత్రం మళ్లీ ఆ గడపలోంచే లోపలికి రావాలి కదా.

ప్రయాణానికి నేను రానన్నాను. "అత్తమ్మను ఎవలు చూసుకుంటరు?" అన్నారు. ఆదివారం రాత్రికల్లా తిరిగొస్తామని అన్న చెప్పాడు. సరేనన్నాను. అననని ఎవరూ అనుకోలేదు కూడా.

అన్న తెల్లవారకముందే జగిత్యాల నుంచి పెద్ద కారు తెచ్చాడు. ఆడబిడ్డ పిల్లల పరీక్షలని ఇంట్లోనే ఉండిపోయింది. ముందు సీట్లో మామయ్య, మధ్యలో అత్తమ్మా మా ఆయనా, అన్నిటికంటే వెనక నేనూ, నా పక్కన బ్యాగులూ, గోల్ఫ్ కర్రల సంచీ. ఆ వెనక సీటుకు తలుపు ఉండదు. మధ్య సీట్లో వాళ్లు దిగి, సీటు మడిచి, దారి ఇస్తేనే బయటికి రావాలి. కిటికీ అద్దం కూడా దిగదు. కర్రల సంచి ప్రతి మలుపుకీ నా భుజం మీదికి ఒరిగేది, దాన్ని నెట్టడంతోనే నా పొద్దు పోయింది.

వేములవాడ దాటి సిరిసిల్లలోకి వచ్చేసరికి బాగా తెల్లవారింది. సందుల్లోంచి మరమగ్గాల చప్పుడు ఎడతెగకుండా వస్తోంది. ఆటోలు, స్కూటర్లు, టిఫిన్ డబ్బాలతో ఆడవాళ్లు. ఆ జనంలో నన్ను నేను కాసేపు ఊహించుకున్నాను. బస్సు దిగి, బ్యాగు భుజానికి తగిలించుకుని, ఎవరికీ చెప్పాల్సిన పని లేకుండా నడిచిపోతున్నట్టు. కాలేజీ గేటు నాకు చూడగానే తెలిసింది, అంతకు ముందు ఒకసారి వచ్చి చూసుకుని పోయాను కనుక. అటే చూస్తూ కూర్చున్నాను.

"చెల్లె, నీ కాలేజి గిదే గదా?" అన్నాడు అన్న, కారు నెమ్మది చేస్తూ.

మామయ్య తల అటువైపు కొంచెం తిప్పారు. ఏదో అనబోతున్నారని నాకు అనిపించింది. నేను ముందుకు వంగాను.

"ఈడ చాయ్ మంచిగుంటదట, ఆపుతరా అల్లుడుగారూ?" అంది అత్తమ్మ.

కారు ఆగింది. అందరూ దిగారు. సీటు మడవడం మర్చిపోయారు. నా చాయ్ కిటికీ అద్దానికి అవతల మా ఆయన చేతిలో కాసేపు పొగలు కక్కింది, తర్వాత అతనికి గుర్తొచ్చింది.

రెండో రోజు చీకటి పడుతుండగా కొండ ఎక్కాం. శనివారం పొద్దున లేచి చూస్తే, ఒప్పుకోవాలి, అంత అందమైన చోటు నేను అంతవరకు చూడలేదు. వాలు వాలుగా దిగుతున్న పచ్చిక, చుట్టూ తేయాకు తోటలు, వాటి పైన నీలగిరి చెట్లు, కింద లోయలో సన్నగా మెరుస్తున్న చెరువు. గడ్డి మా వైపు వరి నారుమడిలా లేతగా, సమంగా ఉంది. దూరంగా బంతి పడాల్సిన గుంత ఉన్న చోట చిన్న ఎర్ర జెండా. మబ్బు కాసేపు దాన్ని మింగేది, కాసేపటికి వదిలేది. గాలికి నీలగిరి ఆకు వాసన. నా చదువుకు సంబంధించిన వాసన అది. ఒంటరిగా వచ్చుంటే ఎంత బాగుండు అనుకున్నాను. ఏ అందం చూసినా ఆ రోజుల్లో నాకు వచ్చే మొదటి ఆలోచన అదే.

మామయ్య కొత్త ప్యాంటులో, అల్లుడు కొనిచ్చిన టోపీలో, తెల్ల బూట్లలో వరండా మీద నిలబడ్డారు. మైదానాన్ని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశారు.

"గింత భూమి. ఒక్క గింజ పండది" అన్నారు బాధగా.

అన్న మాత్రం మహా హుషారుగా ఉన్నాడు. "ఈడ ఇంకో రెండు దినాలుందాం. మంగళారం బయలుదేరుదాం. ఏమంటరు?" అన్నాడు.

మా ఆయన వైపు చూశాను. సోమవారం సంగతి అతనికి బాగా తెలుసు. అతను బూటు లేసు కట్టుకుంటున్నాడు, కట్టిందే విప్పి మళ్లీ కడుతున్నాడు. "నాకేం, బాపు ఎట్లంటె గట్ల" అన్నాడు, తల ఎత్తకుండా.

"ఉందాం ఉందాం. మంచిగున్నది" అంది అత్తమ్మ గబగబా.

"చూద్దాం" అన్నారు మామయ్య.

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంకా మండింది. నలుగురికి నలుగురూ పెద్దమనుషులే, ఒక్కరూ నాకు వద్దని చెప్పలేదు. వద్దని చెప్పకుండానే సోమవారాన్ని దాటించేస్తున్నారు.

అక్కడ మైదానమంతా తిరగడానికి చిన్న బ్యాటరీ బండ్లు ఇస్తారు. బండికి ఇద్దరు. నడక కోసం వచ్చినవాళ్లు బండెక్కడమేంటని నేను మనసులో అనుకున్నాను కానీ, కొండ వాలు మామయ్య గుండెకు మంచిది కాదు, పైకెక్కేటప్పుడు బండి, చదునులో నడక అని అన్న తీర్పు చెప్పాడు. అన్న, మా ఆయన ఒక బండి. మామయ్య, అత్తమ్మ ఇంకో బండి. తీరా ఎక్కే వేళకు అత్తమ్మ వెనక్కి జరిగింది. "దీనికి తలుపులు లెవ్వు. నేను జారి లోయల పడ్త. నేనెక్క" అంది. ఎంత చెప్పినా వినలేదు.

"మరి చెల్లె, నువ్వు కూసో. బండి గూడ నువ్వే నడుపు, స్కూటీ నడిపినదానివే గదా" అన్నాడు అన్న, తన బండి ముందుకు దూకిస్తూ.

మామయ్య అత్తమ్మను చూశారు. అత్తమ్మ నన్ను చూసింది. నేను నేలను చూశాను. అల్లుడి మాటకు ఎదురుండదు కదా. మామయ్య ఎక్కి కూర్చున్నారు. నేను స్టీరింగు ముందు, సీటు అంచు మీద, సగం గాలిలో కూర్చున్నాను. ఆయన బయటివైపు తిరిగి, కర్రను మా ఇద్దరి మధ్యలో నిలబెట్టి పట్టుకున్నారు. ఒకే సీటు మీద మేమిద్దరం కూర్చోవడం అదే మొదటిసారి.

మొదటి దెబ్బకు మామయ్య కర్ర బంతిని తాకలేదు, దాని పక్కన గడ్డిని మట్టి పెళ్లతో సహా లేపింది. రెండో దెబ్బకు ఇంకో పెళ్ల. బంతి సంగతి వదిలేసి ఆయన వంగి ఆ పెళ్లలు తెచ్చి, ఉన్నచోట పెట్టి, బూటుతో మెల్లగా అదిమారు. తెగిన పొలం ఒడ్డును సరిచేస్తున్నట్టే చేశారు. అది ఆటలో మర్యాద కూడానట. అన్న అక్కడి నుంచే చప్పట్లు కొట్టాడు. "శభాష్ మామా!"

ఆయన దిగినప్పుడల్లా నేను దిగాను. ఆయన ఎక్కాక ఎక్కాను. ఆయన కొడుతుంటే కొంచెం వెనకగా, చేతులు కట్టుకుని నిలబడ్డాను. దాటిపోతున్న ఇద్దరు తెల్లజుట్టు ఆటగాళ్లు మమ్మల్ని చూసి, మామయ్య ఎవరో పెద్ద అధికారి, నేను ఆయన సిబ్బంది అనుకున్నట్టున్నారు, తల వంచి పలకరించారు.

మూడో గుంత దగ్గర అన్న నా చేతిలో కూడా ఒక కర్ర పెట్టాడు. నేను కొట్టాను. కోపంతోనే కొట్టాను. బంతి గాల్లోకి లేచి, మబ్బులోకి పోయి, ఎక్కడ పడిందో తెలియనంత దూరం పోయింది. వేళ్ల దగ్గర మొదలైన జలదరింపు మోచేతుల దాకా పాకింది. ఆ ఒక్క క్షణం నాకు హాయిగా ఉంది. "అబ్బో!" అన్నాడు మా ఆయన. మామయ్య బంతి పోయిన వైపు చాలాసేపు చూశారు.

తర్వాతి దెబ్బకు మామయ్య బంతి పక్కనున్న పల్లంలోకి దొర్లిపోయింది. అన్న వాళ్ల బండి అప్పటికే మలుపు తిరిగి పోయింది. ఆయన అంత దూరం నడవాలి కదా అని నేను బాట వదిలి, గడ్డి మీద అడ్డంగా బండిని దించాను. అక్కడ నీళ్లూరుతున్నాయని పైకి తెలియలేదు. వెనక చక్రాలు గుర్రుమని తిరిగి, మెత్తగా కిందికి దిగబడ్డాయి. నేను ఎంత తొక్కితే అవి అంత లోతుకు పోయాయి.

ఇద్దరం దిగాం. మామయ్య దిగబడిన చక్రాన్ని చూశారు. తర్వాత అలవాటు కొద్దీ పక్కకు తిరిగి, "ఏమే, బండి ఎనుకకు అస్తదా అడుగు కోడలిని" అన్నారు.

పక్కన నీలగిరి చెట్టు ఉంది. అత్తమ్మ లేదు.

ఆయనకు తెలిసింది. కానీ అనేసిన మాట వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆయనకు తెలియలేదు. నాకూ జవాబు ఎవరికి చెప్పాలో తెలియలేదు.

"వస్తలేదు" అన్నాను, చెట్టు వైపు చూస్తూ.

"కొడుక్కు ఫోన్ చెయ్యుమను" అన్నారు, ఆయన కూడా చెట్టుతోనే.

"సిగ్నల్ లేదట" అన్నాను. ఎవరో నాతో చెప్పినట్టు. నవ్వు రావాల్సింది. నాకు ఏడుపొచ్చింది.

బండిని నెడదామని నేను వెనక్కి పోతే, కోడలు తన ముందు బండి నెట్టడమేమిటని ఆయన చేత్తో ఆపారు. ఆయన చెయ్యి వెయ్యబోతే, స్టెంటు వేసిన మనిషి అని నేను అడ్డం నిలబడ్డాను. ఇద్దరం నెట్టలేదు. ఇద్దరం కూర్చోలేదు. మబ్బు దిగింది. జెండా పోయింది, చెరువు పోయింది, తేయాకు తోటలు పోయాయి. మేమూ, దిగబడిన బండీ, చెట్టూ మిగిలాం. చలికి ఆయన పెదవులు వణుకుతున్నాయి. ఒక చెయ్యి ఛాతీ మీదికి పోయింది.

"కూసోండ్రి మామయ్యా!" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడి కూర్చున్నారు. నేను ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. ఏమైందని అడిగితే ఏం కాలేదన్నారు, చలికి చొక్కా గుండీ పెట్టుకుంటున్నారట. గుండీ పెట్టుకున్నాక, "నువ్వు గూడ కూసో బిడ్డా. ఎవలు చూస్తున్నరు" అన్నారు.

కూర్చున్నాను. ఈసారి సీటు మీద పూర్తిగా కూర్చున్నాను. ఎవరైనా వచ్చేలోపు అడగాలి, లేకపోతే ఈ జన్మకు అడగను అని తెలుసు.

"మామయ్యా, సోమవారం నేను సిరిసిల్లల చేరాలె. లేకుంటె ఉద్యోగం పోతది. పొమ్మంటె పోత. వద్దంటె ఎందుకు వద్దో మీరే చెప్పుండ్రి. నాకే చెప్పుండ్రి."

ఆయన నా వైపు తిరిగారు. నిజంగా ఆశ్చర్యపోయారు. "చేరుతవా?" అన్నారు. "చేరనన్నవట గదా?"

"నేనా?"

"ఉద్యోగం అచ్చిందన్న నాడే పొమ్మన్న. మీ అత్తతోని చెప్పి పంపిన. ఇంట్ల పనికి మనిషిని పెట్టుకుందామని గూడ చెప్పిన. నువ్వే రోజు గంత దూరం పోలేను, ఇల్లిడిసి ఉండలేనన్నవని వచ్చి చెప్పింది. చదువుకున్న పిల్ల, గట్లెందుకన్నదో అనుకున్న. బలవంతం ఎందుకని ఊకున్న."

ఇన్ని రోజులు ఆయన నోరు విప్పని రాయి అనుకున్నాను. ఆయన నన్ను ఇల్లు కదలని బద్ధకస్తురాలు అనుకున్నారు. ఒకే ఇంట్లో, చెయ్యి చాపితే అందే దూరంలో కూర్చుని.

"మరి నన్నొక్క మాట అడగచ్చు గదా మామయ్యా."

"ఎట్లడుగుత?" అన్నారు. దబాయింపు కాదు. నిజంగానే అడిగారు, ఆ దారి ఏదో నేను చూపిస్తే తెలుసుకుందామన్నట్టు.

నేను మాత్రం అడిగానా?

మమ్మల్ని వెతుక్కుంటూ అన్న వాళ్ల బండి వచ్చింది. అన్న, మా ఆయన నెట్టి మా బండిని బయటికి తెచ్చారు. ఆట అక్కడితో ఆపేశాం. మగవాళ్లు కర్రలు కడిగించుకోవడానికి అటు పోతే, నేను బురద కాళ్లతోనే వరండా మీదికి పోయాను.

అత్తమ్మ బెంచీ మీద ఒక్కతే, శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. దారి పొడుగునా నేను మాటలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కోటి ఒక్కో చెంపదెబ్బలాంటి మాట.

"మామయ్య పొమ్మన్నడట గదా అత్తమ్మా."

బుకాయిస్తుందనుకున్నాను. బుకాయించలేదు.

"ఆయన మాట్లాడిండా నీతోని?" అంది.

"మాట్లాడిండు."

"నేరుగనేనా? ఏమేం మాట్లాడిండు?"

ఆమెకు ఉద్యోగం మాట వినబడలేదు. మామయ్య ఏమేం మాట్లాడారో అన్నీ వినాలన్నట్టు నా ముఖంలోకి చూస్తోంది. నా కోపం ఇంకా పెరిగింది. "నేను చేరనన్ననని ఎందుకు చెప్పినవ్? సోమవారం ఒక్కటి దాటితే నా బతుకు మళ్లీ గా తలుపు ఎనకనేనని తెల్వదా నీకు?"

"తెలుసు" అంది.

కాసేపు శాలువా అంచు వేలికి చుట్టుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది.

"నువ్వు రాకముందు గా ఇంట్ల మాటనేది ఉండకపోయేది బిడ్డా. పిల్లలు హాస్టళ్లల్ల ఉండిరి. ఆయన దుకాణం పోవుడు, వచ్చుడు. అన్నం పెడ్తె తినుడు. నన్ను పిలిచే పనే ఉండకపోయేది. నువ్వచ్చినంక 'ఏమే' అనుడు మొదలువెట్టిండు. కోడలికి గిది చెప్పు, కోడలిని గది అడుగు. దినాం ఎన్నిసార్లు పిలుస్తడో. నువ్వు పొద్దున పోయి పొద్దుమీకినంక వస్తె, గా పొద్దంత ఆయన నన్నెందుకు పిలుస్తడే?"

సిద్ధం చేసుకున్న మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. కోపం పోయిందని అబద్ధం చెప్పను. ఇప్పటికీ తలుచుకుంటే మండుతుంది. కానీ ఆ క్షణంలో నేను తలుపు వెనక నిలబడ్డ మనిషినైతే, ఆమె నాకంటే చాలా ముందు నుంచి ఆ ఇంట్లో గడప మీద కూర్చుని ఉన్న మనిషి అని నాకు మొదటిసారి కనబడింది.

"నేను పోత అత్తమ్మా" అన్నాను.

"పో" అంది. కళ్లు తుడుచుకోలేదు. తుడుచుకుంటే మగవాళ్లకు తెలుస్తుంది.

వాళ్లు వచ్చారు. "మరి మంగళారమే గదా మామా, హోటల్ వాళ్లకు చెప్పొస్త" అన్నాడు అన్న.

"లేదు అల్లుడుగారూ" అన్నారు మామయ్య. మా ఆయన తల ఎత్తాడు. ఆ ఇంట్లో ఆ మాట వినడం అతనికి కొత్త. "ఇయాల్నే పోదాం. సోమారం కోడలు సిరిసిల్లల డ్యూటీల చేరాలె."

అన్న నా వైపు, మామయ్య వైపు చూసి, చిన్నబుచ్చుకున్నాడు కానీ సరేనన్నాడు. మా ఆయన చేతిలో కర్రల సంచి పట్టుకుని, బాపు ఏమన్నాడో ఇంకా చూస్తూనే ఉన్నాడు. బాగా గాలి లేచింది. మబ్బు వరండా మీదికి కూడా వచ్చింది.

"చలైతున్నది" అంది అత్తమ్మ.

"ఎవలికి? కోడలికా?" అన్నారు మామయ్య.

"నాకే."

మామయ్య అర్థం కానట్టు ఆమె వైపు చూశారు. ఆమె ఎవరి తరఫునా కాకుండా మాట్లాడటం ఆయనకు అంతుపట్టలేదు. ఏం చెయ్యాలో తోచక నా వైపు తిరిగారు. బండిలో మాట కలిసింది కదా, ఇక మాట పోయే దారి ఇటే అనుకున్నారేమో.

"చాయ్ తాగుతదా అడుగు బిడ్డా మీ అత్తను" అన్నారు.

అడగబోయాను. నోటి దాకా వచ్చింది. "మీరే అడుగుండ్రి మామయ్యా" అని మెట్లు దిగి, కొంచెం దూరంగా పోయి నిలబడ్డాను.

ఆయన చాలాసేపు గొంతు సవరించుకున్నారు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

"ఏమే" అన్నారు.

"ఆఁ" అంది అత్తమ్మ.

ఆ తర్వాత ఏమనాలో ఆయనకు తెలియలేదు. ఆమె మాత్రం లేచి, ఆయన వైపు పూర్తిగా తిరిగి, ఎదురుచూస్తూ నిలబడింది.